లైను తెగితే చూసే మనిషేడీ?

"నెట్ పోయింది తాతా" అంటాడు మనవడు. "ఏడ పోయిందిరా?" అని అడిగితే నా మొహంలోకి చూస్తాడు. ఆ ప్రశ్న వేసుకోవాలని వాడికి ఎవరూ నేర్పలేదు. సూరత్‌లో మా లింబాయత్ గల్లీల్లో ఏ తెలుగింటికి పోయినా ఇదే వరస. పోయిందంటే పోయింది, అంతే. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తారు. అక్కడ రికార్డు చేసిన గొంతు రౌటర్ ఆపి మళ్లీ వేయమంటుంది. వేస్తారు. రాకపోతే మొబైల్ డేటా పెట్టుకుని పక్కకు ఒరుగుతారు. గోడలోంచి లోపలికొచ్చే ఆ సన్నటి తీగ ఏ స్తంభం నుంచి దిగుతోందో, మేడ మీద ఎటు తిరిగి వస్తోందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నెల నెలా డబ్బు కట్టేది ఆ తీగకే కదా, ఒక్కసారి తలెత్తి చూడొద్దా?

మా రోజుల్లో ఫోను ఉన్న ఇల్లంటే లైను దారి తెలిసిన ఇల్లు. గోడ మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా, కిటికీ పక్కన బెజ్జం, వీధిలో స్తంభం, స్తంభానికి ఇళ్లకు తీగలు పంచే డీపీ పెట్టె, గల్లీ మూల మీద ఇనుప పిల్లరు, అక్కణ్నుంచి భూమిలోపల కేబులు, చివరికి ఎక్స్ఛేంజి. అక్షరం ముక్క రాని మా అమ్మ కూడా వాకిట్లో నిలబడి చూసి "కంబం కాడ వైరు ఊగుతున్నది, ఆడనే ఉన్నది గడబిడ" అని చెప్పేది. చాలాసార్లు ఆమె చెప్పిన చోటే ఉండేది కూడా.

నేను జీవితమంతా సాంచాల, అంటే మరమగ్గాల, మెకానిక్‌గా బతికినవాణ్ని. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలం సూరత్ చేరి తరాలు గడిచాయి. కొందరు షోలాపూర్ పోయారు, కొందరు భీవండి పోయారు, మేం ఇటొచ్చాం. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుందంటే ఈ ఊళ్లో మనవాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు. కార్ఖానాలో సాంచా ఆగిపోతే మేం ఏం చేస్తాం? స్విచ్చి ఆపి మళ్లీ వేసి దండం పెట్టుకోం. బీము దగ్గర మొదలుపెట్టి అచ్చు దాకా పడుగు పోగుల వెంట కన్ను పోనిస్తాం. ఎక్కడ తెగిందో అక్కడ ముడి వేస్తాం. ఇంటికొచ్చే లైనుకైనా చేయాల్సింది అదే. ఒక కొసన మొదలుపెట్టి రెండో కొసకు పోవాలి. మధ్యలో ఎక్కడో ఒకచోట తెగి ఉంటుంది. ఆ చోటు దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఫోన్లు ఇళ్లకు రాకముందు సంగతి ఈ పిల్లలకు చెబితే కథ అనుకుంటారు. ఊళ్లో అమ్మానాన్నలతో మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేయాలి. 180కి చేసి నంబరు చెప్పి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులు. పీపీ కాల్ అని ఇంకొకటి. అందులో ఫలానా మనిషి వస్తేనే మాట్లాడతామని చెప్పాలి. ఊళ్లో పోస్టాఫీసు పక్క దుకాణానికి ఫోను పోతే, ఆ దుకాణం పిల్లాడు పరుగెత్తి మా ఇంటికి పోయి నాయనను పిలుచుకొచ్చేవాడు. ఇక్కడ నేను, అక్కడ ఆయన, నడుమ నాలుగు ఊళ్ల ఆపరేటర్లు. గొంతు చించుకుని అరవాలి. అయినా ఆ అరుపు ఏ దారిలో పోతోందో తెలిసేది. "నాగపూర్ లైను దొరకలేదు", "వరంగల్ బిజీ" అని ఆపరేటరమ్మ నోటితోనే చెప్పేది. మాట ఎక్కడ ఆగిందో చెప్పే మనిషి ఉండేది.

1984లో దేశీ ఎక్స్ఛేంజిలు తయారుచేసేందుకు శామ్ పిట్రోడా సీడాట్ మొదలుపెట్టాక, ఆ దశాబ్దం చివరికల్లా వీధి వీధికీ పసుపుపచ్చ ఎస్టీడీ బూతులు వచ్చాయి. ఉధ్నా వైపు, లింబాయత్ వైపు బూతుల ముందు ఆదివారం మా తెలుగువాళ్ల వరసే పొడుగ్గా ఉండేది. కరీంనగర్ కోడ్ 0878 పసిపిల్లలకు కూడా నోటికొచ్చు. ఎర్ర అంకెల మీటరు గిర్రున తిరుగుతుంటే గుండె దడదడలాడేది. పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి రెండో షిఫ్టు దిగినవాళ్లు నిద్ర కళ్లతో వరసలో నిలబడేవాళ్లు. 1994 సెప్టెంబరులో ప్లేగు అన్న మాట ఊరంతా పాకినప్పుడు ఆ బూతులే మాకు ఆధారం. ఊళ్లో వాళ్లు మా గురించి ఏడుస్తుంటే "మేం బాగున్నాం, నవజీవన్ రైల్లో చోటు దొరికితే వస్తాం" అని చెప్పుకున్నది ఆ గాజు తలుపుల వెనక నిలబడే. జనం రైళ్ల మీద పడి ఊరు ఖాళీ చేస్తున్న ఆ రోజుల్లో బూతు లైను ఆగిందంటే లైన్‌మ్యాన్ భోజనం వదిలేసి వచ్చేవాడు.

ఆ లైన్‌మ్యాన్ గురించే నేను చెప్పాలి. మా గల్లీకి ఒక మరాఠీ మనిషి వచ్చేవాడు. సైకిలు, భుజాన చుట్టగా వైరు, నడుముకు తోలు పటకా, చేతిలో డయలు ఉన్న టెస్టు ఫోను. 198కి కంప్లయింటు రాయించాక ఒక్కోసారి మర్నాడే వచ్చేవాడు, ఒక్కోసారి వారం పట్టేది. కానీ వచ్చాడంటే మాత్రం లోపం ఎక్కడుందో తేల్చకుండా పోయేవాడు కాదు. ముందు ఇంట్లోకి రాడు. తిన్నగా స్తంభం ఎక్కి డీపీ పెట్టె తెరిచి మా జత తీగలకు తన టెస్టు ఫోను తగిలించి చెవి దగ్గర పెట్టుకునేవాడు. డయల్ టోన్ వినిపించిందా, లోపం స్తంభానికీ ఇంటికీ నడుమ. వినిపించలేదా, పిల్లరు వైపు. ఒక్క నిమిషంలో సగం దారి తేలిపోయేది. పిల్లరు దగ్గరా అంతే. ఇలా సగం సగం కోసుకుంటూ పోతే తెగిన చోటు తప్పించుకోలేదు. కింద నిలబడి చూసిన మా పిల్లలందరికీ ఆ పద్ధతి వచ్చేసింది. ఎవరూ పాఠం చెప్పలేదు. కళ్లముందు జరిగితే వస్తుంది.

లోపాలకు గుర్తులు కూడా ఉండేవి. వానాకాలం మొదలవగానే ఫోనులో గరగర వినిపిస్తే భూమిలో కేబులు జాయింటులోకి నీళ్లు దిగాయని అర్థం. ఎవరివో మాటలు మన ఫోనులో వినిపిస్తే రెండు జతల తీగలు ఎక్కడో ఒరుసుకుంటున్నాయని అర్థం. మోగుతుంది కానీ మాట వినపడదంటే పరికరం చూసుకోవాలి. పూర్తిగా చచ్చిపడుంటే పక్కింటి పరికరం తెచ్చి మన డబ్బాకు తగిలించి చూడాలి. అది పలికితే మనది పాడైంది. ఇంత చూసుకున్నాకే 198కి చేసేవాళ్లం. "టోన్ లేదు, పరికరం మార్చి చూశాం, స్తంభం దగ్గర వైరు వదులైంది" అని చెబితే అవతలి మనిషి అవన్నీ రాసుకునేవాడు.

ఇంకొక సంగతి ఇప్పటివాళ్లకు అసలు తెలియదు. పాత ఫోనుకు కరెంటు ఇంటినుంచి కాదు, ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. అక్కడి బ్యాటరీలు 48 వోల్టులు ఆ రెండు రాగి తీగల మీదే పంపేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోను పలికేది. ఇప్పుడు వచ్చేది గాజు తీగ. అందులో వెలుతురు తప్ప కరెంటు నడవదు. ఇంట్లో కరెంటు పోతే ఆ తీగ వచ్చి చేరే డబ్బా ఆరిపోతుంది, దానితో నెట్టూ, దానికి తగిలించిన ల్యాండ్‌లైనూ. 2006 ఆగస్టులో ఉకాయీ డ్యాము నీళ్లు వదిలి తాపీ ఊరిమీద పడ్డప్పుడు సూరత్‌లో చాలా భాగం మునిగింది. మేడల మీద కూర్చుని నీళ్ల వైపు చూస్తూ మేం మొదట వెతుక్కున్నది తాగునీళ్లు, ఆ తర్వాత ఊరికి ఒక్క ఫోను. నీళ్లలో మునిగిన లైను ఏదైనా పోతుంది, రాగి అయినా సరే. కానీ వానకు వీధి కరెంటు తీసేసిన ప్రతి రాత్రీ ఇల్లంతా మూగబోవడం మాత్రం ఈ కాలంలోనే చూస్తున్నాను. అందుకే చెబుతున్నా, వేలు పోసి టీవీ కొన్న ఇంట్లో ఆ డబ్బాకూ రౌటర్‌కూ ఒక చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి. అవి లాగే కరెంటు చాలా తక్కువ.

పాతకాలమంతా బంగారమని నేననను. ఫోను కనెక్షనుకు దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మా చుట్టూ ఉన్నాయి. పండక్కి చేతిలో ఏదో పెడితే తప్ప స్తంభం ఎక్కని వాళ్లూ ఉండేవాళ్లు. ఆ కష్టం తీరింది, మంచిదే. కానీ తీరినదాంతో పాటు లైను మీద చెయ్యి వేసి చూసే అలవాటు కూడా పోయింది. అదే నా బాధ.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. మా దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. డయలప్ మోడెమ్ కీచుమంటూ కలిసేది, నెట్ నడిచినంతసేపు ఫోను ఎంగేజి. అప్పుడు కూడా లోపం చెవికి తెలిసేది. కూత పూర్తి కాకుండా ఆగిందంటే లైను బాగాలేదని. 2005లో డేటావన్ అనే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, అదే రాగి తీగ మీద. అప్పటి ప్రభుత్వ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండ్ అనేవాళ్లు. ఇప్పుడా లెక్క 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. ఫోనుకొక తీగ, మోడెమ్‌కొక తీగ విడగొట్టే చిన్న స్ప్లిటర్ పాడైతే ఫోనులో గుంయ్ మనేది. స్ప్లిటర్ తీసి మోడెమ్‌ను నేరుగా గోడ డబ్బాకు తగిలించి చూడడం మా గల్లీలో పెద్దవాళ్లందరికీ వచ్చు.

ఇక గాజు తీగ. దీన్ని చూసి నాకు నిజంగా ముచ్చటేస్తుంది. పై తొడుగులన్నీ ఒలిచేస్తే మిగిలే గాజు పోగు మందం 125 మైక్రాన్లు, దాని నడుమ వెలుతురు నడిచే దారి 9 మైక్రాన్లు. ఆ 9 మైక్రాన్లంత సన్నటి నూలు మా కార్ఖానాల్లో నేను చూడలేదు. ఎక్స్ఛేంజిలో బయలుదేరిన ఒక్క వెలుతురును వీధి డబ్బాల్లో పంచి ముప్పై ఇళ్లకూ అంతకుమించీ ఇస్తారు. ఇంతటి పనితనం ఇంట్లోకి వస్తే, ఆ తీగ చేరే డబ్బా ముందుభాగంలో వెలిగే దీపాలు ఏం చెబుతున్నాయో ఒక్కరూ చదవరు. అసలు సంగతంతా అక్కడే ఉంది. పవర్ దీపం లేకపోతే అడాప్టర్ చూడండి, ప్లగ్ చూడండి, ఆ తర్వాతే ఇంకేదైనా. పీఓఎన్ అని రాసున్న దీపం నిలకడగా పచ్చగా ఉంటే వెలుతురు బాగానే వస్తోంది, అవతలి యంత్రం మన డబ్బాను గుర్తుపట్టింది. ఎల్ఓఎస్ దగ్గర ఎర్ర దీపం వెలిగిందా, వెలుతురు మీ ఇంటికి చేరడం లేదు. ఆ ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపు రౌటర్‌ను వందసార్లు ఆపి వేసినా లాభం లేదు. తీగ చూడాలి. సోఫా వెనక తీగ నలిగిందా, బీరువా కాలి కింద పడిందా, తలుపు సందులో చిక్కిందా. గాజుకు మడత గిట్టదు. వేలి చుట్టూ బిగించి చుట్టినంత వంపు పడితే వెలుతురు బయటికి కారిపోతుంది. తెగక్కర్లేదు, వంగితే చాలు.

ఉత్తరాయణ్ పండగ అయిన మర్నాడు మా గల్లీ మొత్తం ఎర్ర దీపాలే. జనవరి 14న ఒకసారి, 15న వాసీ ఉత్తరాయణ్ అని ఇంకోసారి సూరత్ ఊరు ఊరంతా మేడల మీదే ఉంటుంది. మేడ మీంచి మేడ మీదకు లాగిన నెట్ తీగలకు గాలిపటాలు చిక్కుతాయి, పిల్లలు మాంజా పట్టి గుంజుతారు. మా ఇంట్లోనూ ఎర్ర దీపమే. కంపెనీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ఒడియా పిల్లాడు. వాణ్ని మనవడి పక్కన నిలబెట్టి చూడమన్నాను. ముందు మా డబ్బా నుంచి పచ్చ మూతి కనెక్టర్ ఊడదీసి తన మీటరుకు తగిలించాడు. మీటరు అసలు అంకే చూపించలేదు. బాగుంటే మైనస్ 20 దరిదాపుల్లో ఉండాలట, మైనస్ 27 డీబీఎం కన్నా కిందకి దిగితే డబ్బాకు చాలదట. తర్వాత సిగరెట్టంత పొడుగున్న ఒక కలం తీసి దాన్ని మా తీగ కొసకు గుచ్చి మీట నొక్కాడు. ఎర్రటి వెలుతురు తీగలోకి ఎక్కింది. ముగ్గురం మేడ ఎక్కాం. పిట్టగోడ వార, నల్ల తీగా తెల్ల తీగా కలిసే చిన్న తెల్లటి పెట్టె ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ పెట్టె లోపలినుంచి ఎర్రగా వెలుగుతోంది. మూత తీస్తే తునిగిన గాజు కొస మండుతున్న చుక్కై కనపడింది, పక్కనే గులాబీ రంగు మాంజా చుట్టుకుని ఉంది. "యహీ హై, కాకా" అన్నాడు కుర్రాడు. మనవడు ఆ రోజు మొదటిసారి తన ఇంటి లైను ఎక్కడినుంచి వస్తోందో చూశాడు. ఎర్ర చుక్కను వంగి దగ్గరగా చూడబోతే కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అసలు లైనులో నడిచే వెలుతురు కంటికి కనపడదు, కానీ కంటిని పాడుచేయగలదు. గాజు కొసలోకి ఎప్పుడూ చూడకూడదు. కనెక్టర్ మూతిని వేలితో తాకకూడదు, వేలి జిడ్డు చాలు వెలుతురుకు అడ్డం పడటానికి.

ఆ కుర్రాడిలాంటి వాళ్లను నేను ఒక్క మాట అనను. ఎండలో బండి మీద తిరిగేది వాళ్లు, తిట్లు తినేది వాళ్లు. చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లే. ఈ నెల ఇక్కడ, పై నెల ఇంకో పేటలో. మా మరాఠీ లైన్‌మ్యాన్‌కు గల్లీలో ప్రతి స్తంభం తెలుసు, ఏ జాయింటు ఏ వానలో తడుస్తుందో తెలుసు. ఈ కుర్రాడికి తెలుసుకునే వ్యవధి ఎవరిచ్చారు?

ఎర్ర దీపం లేదు, పచ్చ దీపం ఉంది, అయినా నెట్ రాదు అంటే దారి వేరు. అప్పుడు రౌటర్‌కు కంప్యూటర్‌ను వైరుతో కలిపి చూడాలి. వైరుతో వస్తోంది, వైఫైతో రావడం లేదు అంటే కంపెనీ లైనుకు సంబంధం లేదు, తప్పు మన ఇంటి గాలిలో ఉంది. మా గల్లీల్లో ఇల్లూ ఇల్లూ ఒకే గోడ పంచుకుంటాయి. ఫోను తెరిస్తే పక్కవాళ్ల వైఫై పేర్లు కుప్పలుగా కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ దారిలో ఒకదానిమీద ఒకటి పడకుండా నడిచే ఛానళ్లు మూడే: 1, 6, 11. అందరూ ఒకే ఛానల్ మీద కూర్చుంటే ఎవరికీ సరిగా రాదు. ఛానల్ మార్చుకోవాలి, లేదా దగ్గర గదిలో 5 గిగాహెర్ట్జ్ వాడుకోవాలి. అది గోడలు దాటి ఎక్కువ దూరం పోదు, కానీ పక్కింటివాళ్ల గొడవ తక్కువ. రౌటర్‌ను ఇనుప బీరువా మీద, టీవీ వెనక దాచిపెట్టి సిగ్నల్ లేదని ఏడిస్తే ఎట్లా? బయట అందరికీ కనపడే చోట, తల ఎత్తులో పెట్టండి.

వైరుతో కూడా రాకపోతే ముందు ప్లాను గడువు అయిపోయిందేమో చూసుకోవాలి. ఇది సిగ్గుపడే సంగతి కాదు, రీఛార్జి మర్చిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. తర్వాత పక్కింట్లో అదే కంపెనీ నెట్ వస్తోందా అని అడగాలి. వాళ్లకూ రాకపోతే మన ఇల్లు బాగానే ఉంది, వీధి డబ్బానో ఎక్స్ఛేంజినో చూడాలి. పక్కింటి తలుపు తట్టి అడగడం కూడా ఈ పిల్లలకు భారమైపోయింది. మా రోజుల్లో మొదట చేసేదే అది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రౌటర్ వెనక సూది దూరే బెజ్జం ఒకటి ఉంటుంది, రీసెట్ అని. దానిజోలికి పోవద్దు. మా ఎదురింటి అబ్బాయి కస్టమర్ కేర్ వాళ్లు రీస్టార్ట్ చేయమంటే రీసెట్ అనుకుని పిన్నీసుతో ఆ బెజ్జంలో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. అప్పటిదాకా ఉన్నది నెమ్మదిగా వస్తున్న నెట్. ఆ తర్వాత అదీ లేదు. కంపెనీ మనిషి బిగించినప్పుడు అందులో రాసిపెట్టిన యూజర్ ఐడీ, పాస్‌వర్డు, వీలాన్ నంబరు అన్నీ చెరిగిపోయాయి. కొన్ని కంపెనీల డబ్బాలు వాటంతట అవే మళ్లీ తెచ్చుకుంటాయి, కొన్ని తెచ్చుకోవు. వాళ్ల అమ్మాయికి పరీక్ష ఫారం నింపే గడువు దగ్గరికొచ్చింది. ఆ తల్లి పడ్డ కంగారు చూడలేకపోయాను. కనెక్షన్ పెట్టిన రోజే ఆ వివరాలు కాగితం మీద రాయించుకుని గోడకు అంటించుకుంటే గంటలో అయిపోయే పని.

అసలు నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. కంప్లయింటు ఇస్తాం, నంబరు వస్తుంది. మనిషి రాడు. కొద్దిసేపటికి మెసేజి వస్తుంది, మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేశాం అని. డబ్బాలో ఎర్ర దీపం అలాగే వెలుగుతుంటుంది. మళ్లీ చేస్తే ఇంకో కొత్త నంబరు, మళ్లీ మొదటినుంచి కథ. పాత కాలంలో లైన్‌మ్యాన్ ఆలస్యంగా వచ్చేవాడేమో కానీ, రాకుండానే బాగైందని రిజిస్టరులో రాస్తే గల్లీలో తలెత్తుకు తిరగగలిగేవాడు కాదు, ఎందుకంటే మర్నాడు మేం వాణ్ని అదే చాయ్ బండి దగ్గర పట్టుకుని అడిగేవాళ్లం. ఇప్పుడు అబద్ధం రాసే చెయ్యి ఎవరిదో మనకు కనపడదు.

అందుకని ఊరుకోవాలా? వద్దు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతకు నియమాలు పెట్టింది. మూడు పనిదినాలు దాటి లోపం బాగుచేయకపోతే ఏడు రోజుల ఛార్జీ, ఏడు దాటితే పదిహేను రోజులది, పదిహేను దాటితే నెలది వాపసు ఇవ్వాలని అప్పుడే రాశారు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి, వాటిలోనూ లోపం ఎన్నాళ్లలో సరిచేయాలో కొలతలున్నాయి. 2012 నాటి ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి కంప్లయింటుకూ డాకెట్ నంబరు ఇవ్వాల్సిందే. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో ఉండే అప్పీలు అధికారి దగ్గరికి 30 రోజుల లోపల పోవచ్చు, దానికి రుసుము లేదు. 1915కి చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను పలుకుతుంది. టెలిఫోను గొడవలకు వినియోగదారుల కోర్టుకు పోకూడదని కంపెనీలు చాలా కాలం వాదించాయి. పోవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చిచెప్పింది. నలభై రూపాయల కూరగాయల్లో పుచ్చుది వస్తే బండివాడితో గంట కొట్లాడే మనవాళ్లు, వందల రూపాయల నెట్ బిల్లు మీద వారం ఆగిపోయినా నోరు మెదపరు. డాకెట్ నంబరు రాసుకోరు, తేదీ రాసుకోరు, ఎర్ర దీపం ఫోటో తీసుకోరు. ఆధారం లేకుండా ఎవరు వింటారు?

ముసలాడికి నెట్ ఎందుకింత పట్టింపని అనే వాళ్లున్నారు. కార్ఖానాకు ఆర్డర్లు రింగ్‌రోడ్డు మార్కెట్ నుంచి వాట్సాప్ మీద వస్తున్నాయి, డిజైను ఫోటో, మీటర్లు, రంగులు అన్నీ అందులోనే. మా కోడలు ఇంట్లో చీరలకు లేసులు కుడుతుంది, ఆమెకు డబ్బు అందేది యూపీఐ మీద. 2020లో బడులు మూసినప్పుడు పిల్లల చదువంతా ఆ ఒక్క తీగ మీదే నడిచింది. సిరిసిల్లలో ఉన్న మా అక్కకు మోకాళ్లు లేవవు, రైలెక్కి రాలేదు. రోజూ పొద్దున నన్ను తెరమీద చూస్తే గానీ ఆమెకు టీ దిగదు. "తమ్మీ, కనవడ్తలేవురా" అని ఆమె అంటే, నేను పడుకుని మొబైల్ డేటా కోసం చూడను. లేచి దీపాలు చూస్తాను, తీగ చూస్తాను, పక్కింట్లో అడుగుతాను.

ఇప్పుడు మా గల్లీ మొదట్లో స్తంభానికి తగిలించిన నెట్ డబ్బాకు మూత లేదు. లోపల పదుల ఇళ్ల తీగలు బయటికి వేలాడుతున్నాయి, పావురాలు పుల్లలు పెడుతున్నాయి. జూన్‌లో వాన మొదలైతే, మీఠీ ఖాడీ పొంగే ఈ ప్రాంతంలో ఆ డబ్బా గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నాను. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, ఒడియావాళ్లు, గుజరాతీవాళ్లు అందరూ పెట్టారు. డబ్బా ఫోటో మనవడే తీశాడు, అర్జీ హిందీలో వాడే టైపు చేశాడు. కంపెనీ ఆఫీసులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నాం, డాకెట్ నంబరు ప్రతి ఇంటికీ రాసిచ్చాం. జూన్ పదో తేదీ దాకా చూస్తాం. అప్పటికీ మూత పడకపోతే అప్పీలు కాగితం సిద్ధంగా ఉంది.